సభకు బర్రెను తోలుకొచ్చిన పంతులు

రాజుగారి సభలోకి బర్రె నడిచి రావడం మీరెక్కడైనా చూశారా? చూసింది చూసినట్టు చెప్పండి! చూడలేదా? అయితే వినండి.

ఏలిన రాజుల పేర్లు కూడా జనం మరచిపోయిన కాలంలో కొండవల్లి అనే రాజ్యం ఉండేది. అక్కడ బడిపంతులుకు ఏడాదికి పన్నెండు బస్తాల ధాన్యం జీతం. అందులో రెండు బస్తాలు పన్ను. బడి కోసం చేతి డబ్బు ఖర్చుపెడితే మాత్రం ఆ మేరకు పన్ను మాఫీ. కానీ కొన్న వస్తువును సభకు తెచ్చి చూపించాలి. అదీ నియమం.

పంతులమ్మ పేరిందేవి ఆ ఏడు బలపాలకూ, సిరాకూ రెండు బస్తాల ధాన్యం అమ్ముకుంది. మాఫీ దొరక్కపోతే వానాకాలమంతా పస్తులే. చూపిద్దామంటే ఏముంది? బలపాలు అరిగిపోయాయి, సిరా అయిపోయింది. ఒట్టి చేతులతోనే సభకు వచ్చింది.

ముందుగా సూరప్ప పంతులు పట్టుశాలువా పరిచాడు. "ఇది కప్పుకుంటేనే పిల్లలకు భయభక్తులు ప్రభూ!"

"మాఫీ!" అన్నాడు మంత్రి.

తరవాత చిదంబరయ్య పంతులు ఏకంగా బర్రెనే తోలుకొచ్చాడు. "పాఠం చెప్పి చెప్పి గొంతు ఎండుతుంది. మజ్జిగ లేనిదే పద్యం పలకదు!"

"మాఫీ!"

పేరిందేవి నిర్ఘాంతపోయింది. ఇంత పచ్చి అబద్ధమా? అదీ పంతుళ్ళ నోట!

"నువ్వేం తెచ్చావమ్మా?" అడిగాడు రాజు.

"ఏమీ తేలేదు ప్రభూ."

"తెచ్చేదేముంది, గాలి కొనుంటుంది!" అని నవ్వాడు సూరప్ప.

పేరిందేవికి ఒళ్ళు మండింది. "ప్రభూ! బడి కోసం కొన్నవి బడికే చెందాలి కదా? ఆ శాలువానూ, ఆ బర్రెనూ ఇవాళే బడికి అప్పగించమనండి."

సూరప్ప శాలువాను గుండెలకు హత్తుకున్నాడు. "అమ్మో, అది మా అమ్మాయి పెళ్ళికి కొన్నది!" అనేశాడు. చిదంబరయ్య బర్రె పలుపు గట్టిగా పట్టుకుని, "పాడి లేకపోతే మా ఇల్లెలా గడుస్తుంది!" అన్నాడు.

అంతసేపూ తల ఊపిన మంత్రి తల దించుకున్నాడు.

"మరి నువ్వు కొన్నవెక్కడమ్మా?" అడిగాడు రాజు.

"బడికిచ్చేశాను ప్రభూ. మిగల్లేదు."

గుమ్మం దగ్గరి భటుడు ముందుకొచ్చాడు. "నిజం ప్రభూ. బలపం కొనడానికి నా దగ్గర దమ్మిడీ లేదు. ఈ తల్లే ఇచ్చింది. నా కూతురు నా పేరు రాసి చూపించింది."

రాజు సింహాసనం మీంచి లేచాడు. "దొంగలకు పనికొచ్చి, దొరలను పస్తుపెట్టే నియమం చేశానా నేను!" అని ఆ నియమాన్ని అక్కడికక్కడే కొట్టేశాడు. పేరిందేవి పన్ను మాఫీ చేశాడు. ఆ ఇద్దరి దగ్గరా రెండింతల పన్ను వసూలు చేయించాడు.

తన ఇంటి సోకును బడి ఖర్చని చెప్పుకునే పంతులు, రేపు పిల్లలను నిజమే చెప్పమని ఏ నోటితో అడుగుతాడు?