ఉప్పు వేయని పరమాన్నం

అనగా అనగా, సముద్రానికి ఆమడ దూరంలో, ఉప్పుటేటి గట్టున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఒక చిన్న ప్రార్థన గుడి. గుడికి అటు మెరక వీధి, ఇటు పల్లపు పేట. మెరక వీధి వాళ్ళకు పొలాలుండేవి. పల్లపు పేట వాళ్ళకు ఆ పొలాల్లో పనుండేది. ఆదివారం మాత్రం అందరూ ఒకే చాప మీద కూర్చుని ఒకే పాట పాడేవారు.

ఆ గుడికి ఒక ఆచారం ఉంది. ఏటా కోత పండుగనాడు కొత్త పంట దేవుని ముందు పెట్టి, స్తోత్రం చెప్పుకుని, సంఘమంతా కలిసి ప్రేమ విందు చేసుకునేవారు. వంట ఒక ఏడు మెరక వీధి వంతు, మరో ఏడు పల్లపు పేట వంతు. ఎవరి వంతైతే కట్టెలూ వాళ్ళవే, నీళ్ళూ వాళ్ళవే.

పల్లపు పేటలో వంట చెయ్యి దీవెనమ్మది. ఆమె అత్తగారు పోతూ పోతూ ఆమె చేతిలో పెట్టిన ఆస్తి ఒక్కటే, చింతకర్ర తెడ్డు. అది ఎవరి చేతిలో ఉంటే పేట వంతు విందు వంట వాళ్ళది. ముప్పై ఏళ్ళుగా ఆ తెడ్డు మరొకరి చేతికి పోలేదు. ఆమె పరమాన్నం తిన్నాక విస్తరి ముందు నుంచి లేవబుద్ధి కాని వాళ్ళు రెండు వీధుల్లోనూ ఉన్నారు. ఆ పేరంటే దీవెనమ్మకు ప్రాణం. కాస్త గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

సంఘానికి పెద్ద జక్రయ్య. మనిషి చెడ్డవాడు కాదు. పేదవాళ్ళ పెళ్ళిళ్ళకు బియ్యం పంపేవాడు, ప్రార్థనలో కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. కిందటిసారి పేట వంతు వంట అయిన కొద్ది రోజులకే ఆయన పేట పక్కనున్న తన పొలాలను రొయ్యల చెరువులు చేశాడు. ఉప్పుటేటి నుంచి వాటికి కాలువ తవ్వించాడు. రొయ్య బాగా పండింది. గుడికి కొత్త గంట వచ్చింది. పేట బావిలోకి ఉప్పు దిగింది.

పప్పు ఉడకడానికి రెండింతల కట్టెలు కావలసి వచ్చాయి. పసిపిల్లల ఒంటి మీద దురదలు లేచాయి. దీవెనమ్మ జక్రయ్య ఇంటికి వెళ్ళి చెప్పింది.

"పెద్దయ్యగారూ, మా బావి ఉప్పబడిపోయిందండి."

"అయ్యో. ప్రార్థన చేద్దామమ్మా," అన్నాడు జక్రయ్య. అన్నమాట ప్రకారం అక్కడే మోకాళ్ళూని చేశాడు కూడా. కాలువ మాత్రం పారుతూనే ఉంది.

దీవెనమ్మ గుడి అయ్యగారి దగ్గరికి వెళ్ళింది.

"కొంచెం ఓర్చుకో అమ్మా," అన్నాడు అయ్యగారు నేల చూస్తూ. "గుడి కప్పు ఇంకా సగమే అయింది. పెద్దయ్యగారి మనసు నొప్పిస్తే పని ఆగిపోతుంది."

దీవెనమ్మ ఇంటికొచ్చి, ఆ ఉప్పునీళ్ళతోనే గంజి కాచుకుంది.

మళ్ళీ పేట వంతు వచ్చింది. పండుగనాడు తెల్లవారేసరికి జక్రయ్య బండి పేటలోకి వచ్చింది. దాని నిండా పీపాలు.

"మా ఇంటి బావి నీళ్ళమ్మా. వంటకి వాడుకోమన్నారు పెద్దయ్యగారు," అన్నాడు బండివాడు.

పేట ఆడవాళ్ళ మొహాలు విప్పారాయి. దీవెనమ్మ ఒక దోసెడు తీసుకుని తాగింది. రెండేళ్ళయింది అలాంటి నీళ్ళు తాగి. కళ్ళు చెమర్చాయి. ఈ నీళ్ళతో వండితే తన పేరు నిలుస్తుంది. విందు బాగుంటుంది, మెచ్చుకుని అందరూ ఇంటికి పోతారు. రేపటి నుంచి పేటకు మళ్ళీ అవే ఉప్పునీళ్ళు.

"పట్టుకెళ్ళు నాయనా. ఎవరి వంతైతే నీళ్ళూ వాళ్ళవే," అంది.

కోడలు కరుణ గాభరా పడింది. "అత్తా, వంట పాడైతే మళ్ళీ మనకి వంతిస్తారా? తెడ్డు మెరక వీధికి పోద్ది."

"పోతే పోనీవే. నేను దేవుడి ముందు అబద్ధం వడ్డించలేను."

మధ్యాహ్నం గుడి ముంగిట అందరూ కలిసి బంతికి కూర్చున్నారు. అయ్యగారు స్తోత్రం చెప్పాడు. మొదట పప్పు వచ్చింది. దీవెనమ్మ ఈసారి ఉప్పు ఒక చెయ్యి ఎక్కువేసిందన్నారు. తరువాత చారు వచ్చింది. పాపం, ముసలిదైపోయింది, చెయ్యి తప్పిందన్నారు. దీవెనమ్మ చెవులకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. తెడ్డు పట్టుకుని గుండిగ పక్కనే నిలబడింది.

చివరికి బెల్లం, కొబ్బరిపాలు పోసి వండిన పరమాన్నం వచ్చింది. అదీ ఉప్పగానే ఉంది. బంతంతా చేతులాపి కూర్చుంది.

"దీవెనమ్మా, పరమాన్నంలో ఉప్పేశావేంటమ్మా?" అన్నాడు జక్రయ్య.

"ఉప్పు డబ్బా ఇంటి దగ్గరే వదిలేసొచ్చానండి. మూడు గుండిగల్లో దేంట్లోనూ రవ్వంత కూడా వెయ్యలేదు. అది మా బావి నీళ్ళ రుచండి."

జక్రయ్య మొహం ఎర్రబడింది. "పొద్దున్న పీపాలు పంపాను గదా."

"ఒక్క పూటకి పంపారు బాబూ. మాకు దాహం రోజూ వేస్తది."

ఆమె తెడ్డు తెచ్చి అయ్యగారి ముందు పెట్టింది. "వంట పాడైంది అయ్యగారూ. తెడ్డు ఎవరికిస్తారో ఇయ్యండి."

ఎవరూ ఆ తెడ్డు ముట్టుకోలేదు. అప్పుడు జక్రయ్య పక్కనే కూర్చున్న పేట పిల్ల, నాలుగేళ్ళ లేయ, విస్తరి వేలితో తుడిచి నాకేసి ఇంకాస్త పరమాన్నం కావాలంది. జక్రయ్య ఆ పిల్లకేసి తిరిగాడు.

"ఉప్పగా లేదా తల్లీ?"

"పరమాన్నం ఉప్పగానే ఉంటది గదా తాతా," అంది లేయ.

జక్రయ్య తన విస్తరి వైపు తిరిగాడు. అందులోది ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. లేచి, తెడ్డు తీసి దీవెనమ్మ చేతిలో పెట్టాడు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు. "తెలిసే పీపాలు పంపాను. ఇన్నాళ్ళూ ఆ నీళ్ళు నోట పెట్టుకోలేదు, అంతే."

అయ్యగారు కూడా లేచాడు. "నేను గుడి కప్పు చూసుకున్నాను గానీ మీ గొంతులు చూసుకోలేదు. నన్ను క్షమించమ్మా," అన్నాడు.

ఇంకో నెల ఆగితే రొయ్య ఎదుగుతుందని జక్రయ్య కొడుకులు మొత్తుకున్నారు. "ఆ పిల్ల ఇంకో నెల ఆ నీళ్ళే తాగాలా?" అని ఆయన మర్నాడే కాలువకు అడ్డుకట్ట వేయించాడు. మొదటి తట్ట మట్టి ఆయనే మోశాడు, రెండోది అయ్యగారు. పేట బావి బాగుపడేదాకా పేట బిందెలన్నీ జక్రయ్య ఇంటి బావి దగ్గరే నిండాయి. గుడి కప్పు ఆలస్యమైంది, దానికెవరూ చింతపడలేదు. మొదటి ఏటి వాన చెరువు నేలను కడిగింది. రెండో ఏటి వానకు గట్ల మీద పచ్చిక లేచింది. మూడో ఏటి వానకు బావి నీళ్ళు తియ్యనయ్యాయి.

నడుమ వచ్చిన వంతుకు పప్పూ చారుతోనే సరిపెట్టిన దీవెనమ్మ, బావి బాగుపడ్డాక వచ్చిన వంతుకు మళ్ళీ పరమాన్నం వండింది. బంతిలో అందరూ మారు వడ్డించుకుని తిన్నారు. కాస్త పెద్దదైన లేయ మాత్రం రెండు ముద్దలు తిని మొహం చిట్లించింది.

"అవ్వా, దీంట్లో ఏదో తక్కువైంది."

దీవెనమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. "తక్కువైతే అవనీ తల్లీ, తిను," అని ఇంకో గరిటె వడ్డించింది.

పొరుగువాడి బావిని పాడుచేసి దేవునికిచ్చే కానుక కన్నా, దేవుడిచ్చిన నీటినీ నేలనూ పేదవాడి కోసం కాపాడటమే గొప్ప స్తోత్రం.