సాయవ్వకు చేరని మాట

దస్తగిరి ఉద్యోగం వదిలేద్దామనుకున్నాడు.

పోలీసు హెలికాప్టర్ నుంచి తాడు మీద దిగి, వరదలో చిక్కుకున్నవాళ్ళను పైకి చేర్చడం అతని పని. మొన్నటి వానలకు నగరం సగం మునిగిన రోజు, నది పక్కన ఒక ఇంటి రేకుల మీద ముసలి భార్యాభర్తలు కనబడ్డారు. తాడు ఒకసారికి ఒకరినే మోస్తుంది. భార్యను పైకి తీసుకెళ్ళాడు. భర్త కోసం మళ్ళీ దిగేసరికి అక్కడ ఇల్లే లేదు.

ఆనాటి నుంచి అతనికి అన్నం సహించలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం తన గురువు హుస్సేన్‌పీరా దగ్గరికి వెళ్ళాడు. ఆయన పాతబస్తీలో పరుపులు కుట్టుకుని బతికే సూఫీ.

"పీర్‌సాబ్, భార్యను పైకి చేర్చి భర్తను నీళ్ళకు వదిలేసి వచ్చాను. ఏం చేస్తే ఈ బరువు దిగుతుంది? ఉపవాసాలుండమంటే ఉంటాను."

ఆయన చేతిలో సూది ఆగలేదు. "ఆయన భార్య ఎక్కడుంది?"

"కళ్యాణమండపంలో ఉంచారట."

"వెళ్ళి చూశావా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

హుస్సేన్‌పీరా సూదిని పరుపుకు గుచ్చి లేచాడు. అతని చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

మండపంలో చాపల మీద నాలుగైదు వందల మంది ఉన్నారు. ఆ ముసలమ్మ, సాయవ్వ, ఒక మూల గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరో ఇచ్చిన చీర, ఎదురుగా ముట్టని అన్నం పొట్లం. దస్తగిరి చూపించగా హుస్సేన్‌పీరా ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నిన్ను పైకి తెచ్చింది ఇతనే."

దస్తగిరి తల దించుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె అతని చొక్కా గట్టిగా పట్టుకుంది.

"నువ్వేనా బిడ్డా! నీ కోసమే చూస్తున్న. ఎవర్నడిగినా తెల్వదన్నరు."

"అవ్వా..."

"మా ముసలోడు నీ చెవుల ఏందో చెప్పిండు. ఆ రెక్కల మోతల నాకు ఇనరాలే. ఏం చెప్పిండు బిడ్డా?"

ఆ మాట దస్తగిరి ఎవరికీ చెప్పలేదు. పై అధికారులకు రాసిచ్చిన కాగితంలో కూడా పెట్టలేదు.

"'ఈమెకు ఎత్తంటే బుగులు. కండ్లు మూసుకొమ్మని చెప్పు' అన్నాడవ్వా. ఆ హడావిడిలో నీకు చెప్పలేకపోయాను."

సాయవ్వ అతని చొక్కా వదిలింది.

"లగ్గమైన కొత్తల జాతరకు తీస్కపోయిండు. రంగులరాట్నం పైకి పోంగనే నేను ఒకటే ఏడుపు. గది ఇంకా యాదున్నదా ఆయనకు!"

అని, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇన్ని రోజుల్లో ఆమె ఏడవడం ఇదే మొదలని పక్క చాప మీది ఆడమనిషి మెల్లగా చెప్పింది.

దస్తగిరి ఆమె చెయ్యి పట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. ఆమె భర్త గట్టయ్య గురించి చెబుతూ పోయింది. ఆయన పేరు అతను వినడం అదే మొదటిసారి.

వీధిలోకి వచ్చాక దస్తగిరి, "ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు పీర్‌సాబ్" అన్నాడు.

హుస్సేన్‌పీరా నడుస్తూనే అన్నాడు:

"తొమ్మిది రోజులు ఆమెను గాలిలోనే ఉంచావు. ఇవాళ కిందికి దింపావు."