తడి కండువాలో గుల్ల

పరదేశయ్య గారు శిష్యుల ప్రశ్నలకు జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఉప్పుటేటి ఒడ్డున ఆయన ఆశ్రమం నడిచేది సున్నం బట్టీ మీద. ఏటిలో ఏరిన గుల్లలను కాల్చి సున్నం చేసేవారు. కాల్చడానికి పనికిరాని చిన్న గుల్లలను దంచి కోళ్ల మేతకు ఇచ్చేవారు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి వచ్చినా, చావు జరిగి పెద్దకర్మకు ఇల్లు శుద్ధి చేయాలన్నా సున్నం ఇక్కడినుంచే వెళ్లేది. ప్రశ్న అడగదలచుకున్నవారు బావి దగ్గర స్నానం చేసి, తడి కండువా భుజాన వేసుకుని మాత్రమే లోపలికి రావాలన్నది అక్కడి నియమం.

ఒక మధ్యాహ్నం గవరయ్య అలాగే వచ్చి కూర్చున్నాడు. చాలాకాలంగా వస్తూపోతూ ఉన్న శిష్యుడు. మాంసం మానేశాడు, గట్టిగా మాట్లాడడని పేరు తెచ్చుకున్నాడు.

"అయ్యా, మనిషి మారిపోయాడని ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు.

"ఎవరు మారిపోయారు?"

"మా అన్న సూరన్న. జైలు నుంచి వచ్చాడు."

సంగతి ఆశ్రమంలో అందరికీ తెలిసిందే. గట్టు తగాదాలో నలుగురు గవరయ్యను కింద పడేసి కొడుతుంటే సూరన్న కర్ర తీసుకుని అడ్డం వెళ్లాడు. వాళ్లలో ఒకడు చనిపోయాడు. శిక్ష సూరన్నకు పడింది.

"వెళ్లినప్పుడు బస్తా ఒంటిచేత్తో ఎత్తేవాడయ్యా. ఇప్పుడు పళ్లు లేవు, గొంతు లేదు, ఒకటే దగ్గు. నా పేరు పిలవడానికి కూడా తడుముకుంటున్నాడు. మా ఆవిడ భయపడుతోంది. అతను మా అన్న కాదనిపిస్తోంది. ఇంట్లోకి రానివ్వమంటారా, వద్దంటారా?"

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇంటెదురుగా వలల పాకలో."

"వచ్చి ఏమడిగాడు?"

"నీళ్లడిగాడు."

"ఇచ్చావా?"

"ఇచ్చాను. అరుగెక్కబోతుంటే... దిగు, అక్కడే ఉండి తాగు అని అరిచాను. చెంబు పాకలోకి విసిరాను. అంత కోపం నాలో ఉందని నాకే తెలియదు."

పరదేశయ్య గారు బట్టీ వైపు చూపించారు. అక్కడ రెండు కుప్పలున్నాయి. ఒకటి రోట్లో దంచిన గుల్లల పొడి. రెండోది ఆ పొద్దున్నే బట్టీలోంచి తీసి ఆరబోసిన గుల్లలు. కొంచెం తెల్లబడ్డాయి తప్ప గీతలతో సహా ఏటిలో దొరికినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"ఆ రెండింటిలో మారనిది ఏదో చూసి, ఇంత పట్టుకురా."

గవరయ్య ఆలోచించలేదు. రూపు చెడని గుల్లలను దోసిళ్లతో ఎత్తి, భుజం మీది కండువాలో మూటకట్టి, వీపున వేసుకున్నాడు. ఆ కండువా తడిదన్న సంగతి గురువుగారికి తట్టలేదని కొందరంటారు. తట్టిందని కొందరంటారు. ఆయనను అడిగినవారు లేరు.

ఆవరణ సగం దాటేసరికి మూటలోంచి ఆవిరి లేచింది. బుసబుసమంటూ చప్పుడు వచ్చింది. గవరయ్య కేక పెట్టి మూట పారేసే లోపలే భుజం, వీపు కాలాయి. బట్టీ చూసే లచ్చమ్మ పరుగున వచ్చి, ఒంటికంటిన సున్నం గుడ్డతో దులిపి, కడవల కొద్దీ నీళ్లు కుమ్మరించింది.

"కాల్చిన గుల్లను తడిగుడ్డలో కట్టావా! ఇన్నాళ్లూ ఇక్కడ కళ్లు మూసుకునే కూర్చున్నావా నాయనా?" అంది.

నేలమీద మూట విడిపోయింది. అందులో గుల్ల ఒక్కటి కూడా లేదు. తెల్లటి పిండి పొగలు కక్కుతోంది.

పరదేశయ్య గారు దంచిన కుప్ప నుంచి గుప్పెడు పొడి తెచ్చి, అరిటాకులో పోసి, దానిమీద చెంబెడు నీళ్లు వంచారు. పొడి తడిసింది. ఇంకేమీ జరగలేదు.

"దంచితే నలిగింది. నలిగినా గుల్లే," అన్నారు. "మీ అన్న నీళ్లడిగినప్పుడు పొగలొచ్చింది ఎవరికి?"

గవరయ్య వెంటనే బయలుదేరతానన్నాడు. లేచి నిలబడలేకపోయాడు. సాయంత్రానికి జ్వరం వచ్చింది. అన్నను ఇంట్లోకి తీసుకురమ్మని కబురు పంపమన్నాడు. ఏరు పోటు మీదుంది, ఆ పూట పడవ కదల్లేదు.

మర్నాడు పొద్దున మొదటి పడవలో అతని బావమరిది బంగారినాయుడు వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"బావా, సూరన్న మరి లేడు. పాకలో పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. చెంబు తలదగ్గర బోర్లా పడి ఉంది."

గవరయ్య బంగారినాయుడి భుజం పట్టుకుని లేచి, కట్టుకట్టిన వీపుతోనే ఆవరణలోకి నడిచాడు. నిన్నటి మూట పడినచోట సున్నం చల్లారి, మంచుకు తడిసి, మెత్తగా ఉంది. దాని పక్కన కూర్చుని వేలితో తాకి చూశాడు. వేడి లేదు.

"అయ్యా, ఇది మళ్లీ గుల్ల అవుతుందా?" అని అడిగాడు.

పరదేశయ్య గారు లచ్చమ్మను పిలిచి తట్ట తెమ్మన్నారు. ఆ సున్నాన్ని మట్టి అంటకుండా తానే చేతులతో తట్టలోకి ఎత్తి, బంగారినాయుడికి అందించారు.

"కాదు," అన్నారు. "పెద్దకర్మకు ఇంటికి సున్నం వేయాలి కదా. పట్టుకెళ్లండి. అరుగుతో మొదలుపెట్టండి."