కోట పొయ్యిలు

మా ఊరి గంజి సంఘంలో పదకొండుమంది. వాళ్లలో తొమ్మిదిమందికి ఒకరంటే ఒకరికి పడదు. అయినా వారం వారం జొన్నలు తెచ్చి సంఘం గాదెలో పోస్తారు. కరువొస్తే ఊరి పేదలు తాగే గంజి ఆ జొన్నలదే.

ఒకనాడు దివాను శేషప్ప ఖాళీ బళ్లతో దిగాడు. ముందు మీసం దిగింది, తర్వాత ఆయన.

"సేవ చేసేవాళ్లకు నిల్వలెందుకు? గాదె మొత్తం రాజుగారి కోటకు ఎత్తించండి" అన్నాడు.

గాదె చూసుకునే కుమ్మరి నాంచారమ్మ చేతులు జోడించింది.

"అలాగే బాబూ! గింజలు తీసుకునేవాళ్లు అరుగెక్కి 'మా ఇంట పొయ్యి వెలగలేదు' అని ఊరందరికీ చెప్పాలన్నది మా కట్టుబాటు. తమరు రాజుగారి ఇంట వెలగలేదని చెప్పండి చాలు."

అప్పటికే ఊరంతా చేరింది. నేను ముందు వరసలోనే ఉన్నాను.

"ఏం కూతలవి! రాజుగారి వంటశాలలో నలభై పొయ్యిలు వెలుగుతున్నాయి!" అని దివాను గట్టిగా అరిచాడు.

"సంతోషం బాబూ. వెలిగే ప్రతి పొయ్యికీ వారానికి శేరు జొన్నలు పోయాలన్నది మా ఇంకో కట్టుబాటు. అందరూ విన్నారుగా, నలభై!"

అందరూ విన్నాక దివాను మాట ఎలా మారుస్తాడు? ఇప్పుడు వారం వారం కోట బండి నలభై శేర్ల జొన్నలతో మా గాదెకు వస్తోంది. కాస్త తగ్గినా ఏ పొయ్యి ఆరిందని నాంచారమ్మ అడుగుతుందేమోనని, బండివాడు పైన గుప్పెడు ఎక్కువే పోస్తాడు.