తడవని పసుపు

అనగనగా సముద్రం పక్కన ఒక ఊళ్ళో... ఊరంటే ఎలాంటి ఊరనుకున్నావే పైడీ? ఇటు కాలు చాపితే ఇసక, అటు కాలు చాపితే కెరటం. పేరు చినరేవుపేట. ఆ ఊళ్ళో కొర్లమ్మ అని ఒకావిడ ఉండేది. అంత గొప్ప మనిషి అంతకు ముందు పుట్టలేదు, ఆ తర్వాతా పుట్టలేదు. ఎవరనుకున్నావు? నేనే. నవ్వకు. దుప్పటి కప్పుకుని విను.

నేను చేపల గంప నెత్తిన పెట్టుకుని నడిస్తే గంపలో చేపలు లేచి కూర్చుని దారి చూసుకునేవి. "చేపలోయ్" అని ఒక్క కేక వేస్తే, మూడూళ్ళ అవతల వంటింట్లో చింతపండు దానంతట అదే నానేది.

నాకొక తమ్ముడు, ఎల్లాజీ. నేనెంత మాట్లాడతానో వాడంత మాట్లాడడు. అమ్మ పోయాక వాణ్ణి చంకనెత్తుకుని పెంచింది నేనే. వాడు పదేళ్ళు పరాయి పడవల మీద పనిచేశాడు. ఆ తర్వాత సొంతంగా ఇంజను పడవ కొనుక్కున్నాడు. దానికి నీలం రంగు వేయించి, ముక్కు మీద నా పేరు రాయించాడు. "అప్పా, నీ పేరుంటే సాలు, హారనక్కర్లేదు" అన్నాడు. వాడు జన్మలో ఆడిన హాస్యం అదొక్కటే.

ఏటా గంగమ్మ పండగకి మా ఆడవాళ్ళం సముద్రానికి పసుపు, కుంకుమ, గుప్పెడు బియ్యం, రెండు గాజులు ఇచ్చుకుంటాం. ఆకు దొప్పలో పెట్టి నీళ్ళలో వదిలేవాళ్ళం. కెరటం తగలగానే దొప్ప బోర్లా పడేది. పసుపు నీళ్ళలో కలిసిపోయేది. ముత్తాతల నాటి నుంచీ అంతే. ఎవరికీ అనుమానం రాలేదు. నాకొచ్చింది! "తల్లి దగ్గరికి చేరేలోపే పసుపు కరిగిపోతే, ఆవిడ మొహానికేం రాసుకుంటుంది?" అన్నాను.

అప్పుడు ఒక ప్లాస్టిక్ కవరు తీశాను. అన్నీ అందులో పోశాను. గాలి ఊది, మూతి మెలేసి, వలకి వేసే ముడి మూడుసార్లు వేశాను. పైన నా ఆకుపచ్చ చీర అంచు చింపి కట్టాను. ఎవరు పంపారో తల్లికి తెలియాలి కదా! ఆ ముడి విప్పాలంటే అటొక ఏనుగు, ఇటొక ఏనుగు ఉండాలి.

నా కవరు బుడగలా తేలుతూ పోయింది. మరుసటి ఏడు ఊరంతా కవర్లే. "కొర్లమ్మ బుర్రే బుర్ర" అన్నారు. నా తల ఎంత పెద్దదయిందంటే, గుమ్మంలోంచి పక్కకి తిరిగి దూరాల్సి వచ్చింది.

ఆ తర్వాత పంచాయతీ మేలుకుంది. అప్పటికి మా రేవంతా కవర్లు, టీ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు. వలలో చేపల కన్నా అవే ఎక్కువ పడేవి. ప్రెసిడెంటు దానమ్మ నాకు వదిన వరస. ఇంక కవర్లు వద్దని దండోరా వేయించి, ఇంటికి రెండేసి గుడ్డసంచులు పంచింది. నేనూరుకుంటానా? నా రెండు సంచులూ విప్పి మీ తాతకి నిక్కరు కుట్టాను. 'గ్రామ పంచాయతీ' అన్న అక్షరాలు సరిగ్గా వెనకవైపు పడ్డాయి. ఆయన ముందు నడుస్తుంటే ఊరు ఊరంతా వెనక చదువుకుంటూ నడిచింది.

అప్పుడు దానమ్మ వదిన ఒడ్డున డ్రమ్ములు పెట్టించింది, చెత్త కవర్లు అందులో వెయ్యమని. నేనొక డ్రమ్మును ఇంటికి దొర్లించుకొచ్చి ఉప్పుచేప ఊరేశాను. అందులోంచి తీసిన చేప దానమ్మ వదినకే అమ్మాను. బావుందే అని మళ్ళీ అడిగింది కూడాను.

మూడోసారి ఆవిడే వచ్చింది. పండగ రెండు రోజులుందనగా, దొప్పల కట్టలు మోసుకుంటూ, ఎర్రటి ఎండలో, గడప గడపకీ. మా అరుగు మీద కూలబడి చెమట తుడుచుకుంది.

"కొర్లమ్మా, నీకు దణ్ణమే. ఊరంతా నీ నోరు సూసి నడుస్తాది. ఈ ఏడు దొప్పల్లో వదిలించే. ఆ కవర్లు లోపలికి పోటం లేదు. ఎనక్కొచ్చి మన రేవులోనే తిరుగుతున్నాయి. పడవలకి మంచిది కాదు."

అరుగు చుట్టూ ఆడవాళ్ళు మూగారు. అంతమంది ఉంటే నా నోరు ఊరుకుంటుందా?

"ఏటి వదినా! గంగమ్మకి ఏటి పెట్టాలో పంచాయతీ తీర్మానం సేస్తాదా? తల్లి మీ ఆఫీసుకొచ్చి అర్జీ పెట్టుకుందేటి?"

అందరూ పడీ పడీ నవ్వారు. ఎల్లాజీ మూల కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "అప్పా, ఆయమ్మ సెప్పింది ఇను."

"నువ్వు వల కుట్టుకోరా" అన్నాను.

దానమ్మ వదిన లేచింది. దొప్పల కట్ట అరుగు మీద పెట్టేసి, పక్కింటికి వెళ్ళింది.

పండగ రోజు రెండొందల కవర్లు తేలాయి. అన్నిటికన్నా ముందు నాదే.

రెండ్రోజులు పోయాక, తెల్లవారగానే, ఎల్లాజీ ఇంకో ముగ్గురితో వేటకి బయల్దేరాడు. నేను ఒడ్డునే ఉన్నాను. కెరటాలు విరిగే చోటుందే, అక్కడ పడవ ఆగకూడదు. ఆగితే కెరటం దాన్ని అడ్డం తిప్పేస్తుంది. సరిగ్గా అక్కడే ఇంజను ఆగిపోయింది. ఎల్లాజీ ఇంజను తిప్పే తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. మూడోసారి లాగుతుండగా, ఇంత కెరటం పడవని ఎత్తి నల్లబండల మీద వేసింది. నీలం పడవ నడిమికి విరిగింది.

అప్పుడు నేను సముద్రంలో దూకి, నలుగుర్నీ రెండు చంకల్లో పెట్టుకుని ఒడ్డుకి తెచ్చాను... అందరికీ ఇలాగే చెప్తానే పైడీ. నీకు చెప్పను. నేను దూకలేదు. ఇసకలో కూలబడిపోయాను. నోట్లోంచి ఒక్క కేక కూడా రాలేదు. వాళ్ళే ఈదుకుంటూ వచ్చారు, మోకాళ్ళు చెక్కుకుపోయి. ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు.

ఆ తర్వాత ఇంజను లాక్కొచ్చారు. నీళ్ళలో గిరగిరా తిరిగి పడవని నెట్టే పంకా ఉంటుంది కదా, దాని రేకులకి కవరు చుట్టుకుని ఉంది. ఎల్లాజీ కత్తితో కోసి తీశాడు. కవరు చీలికలైపోయింది. ముడి మాత్రం ఊడలేదు. మూడు ముళ్ళు. ఆకుపచ్చ చీర అంచు. ముడి మడతలో ఇంత పసుపు, అప్పుడే దంచినట్టు, పొడిగా.

వాడు నా వంక చూశాడు. ఒక్కసారే. ఆ తర్వాత దాన్ని మొలలో దోపుకున్నాడు.

దానమ్మ వదిన పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఏటడ్డం పడిందిరా?"

"సముద్రంలో సెత్త వదినా. ఎవరిదని సెప్తాం."

ఆ వారమే ఊరందర్నీ పిలిచి పంచాయతీ సభ పెట్టారు. కొట్లో గాని, రేవులో గాని, పండగకి గాని ఇంక కవరన్నది వద్దని తీర్మానం చదివారు. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తమన్నారు. నా చెయ్యే ముందు లేచింది. నన్ను చూసి ఊరంతా ఎత్తింది. "తమ్ముడి పడవ పోయినా ఊరి మంచి కోరింది" అని చప్పట్లు కొట్టారు. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టారు. మూసేశాను.

ఇప్పుడు చూడు, మా రేవు అద్దంలా ఉంటుంది. పండగకి అందరూ దొప్పలే. పంచాయతీ ఆఫీసు గోడకి నా ఫోటో పెట్టారు, చెయ్యెత్తి నిలబడ్డ ఫోటో. నా ఫోటో గోడ మీద ఉంటే నేను రోజుకి పదిసార్లు చూసుకురావాలి కదా? ఆ వీధిన పోనే. చుట్టూ తిరిగి సరుగుడుతోట పక్కనుంచి పోతాను.

ఎల్లాజీ మళ్ళీ పడవ కొనలేకపోయాడు. గుజరాత్‌లో వేరావల్ అని ఉంది, అక్కడికి పోయాడు. మళ్ళీ పరాయి పడవ మీదే పని. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపే రెండు నెలలే ఇంటికొస్తాడు. ఆదివారం ఆదివారం ఫోను చేస్తాడు. "అప్పా, మాటాడవేటి?" అంటాడు. వాడు! నన్ను! మాట్లాడమని!

ఆ కవరు నాదేనని వాడితో నోరు విప్పి చెప్పానా అంటావా? లేదే. ఇదిగో, ఇప్పుడు నీకే మొదట చెప్పడం. వేట ఆపే రోజులు దగ్గరకొచ్చాయి, వాడొస్తాడు. నోరు తిరుగుతుందో లేదో ముందు నీ దగ్గర చూసుకుందామని.

తిరిగింది కదూ? సరే, ఇంక కళ్ళు మూసుకో.

కథ చేరె కంచికి,
కన్ను చేరె నిద్రకి,
వల చేరె ఒడ్డుకి,
తమ్ముడెపుడో ఇంటికి?