చూడని చెరువుకు జై కొట్టిన కాకి

బోడికొండ కింద అడవిలో ఆ ఏడు ఎండలు ముదిరి ఎర్రవాగు ఇసుక తేలింది. ఇసుకలో తవ్వుకున్న చెలమల్లో ఊరే నీళ్ళే ఎలుక నుంచి ఏనుగు దాకా అందరికీ దిక్కు. చెలమ దగ్గర వంతులు, వంతుల దగ్గర తగువులు. పదేళ్ళుగా అడవికి అధ్యక్షుడిగా ఉన్న ముసలి ఏనుగు ఈ తగువులు తీర్చలేక, "నాకు చెవులు వినబడటం లేదు, నన్ను వదిలేయండి" అని దిగిపోయాడు. అంతంత చెవులు వినబడవంటే ఎవరూ నమ్మలేదు గానీ, పోనీలే పాపమని ఒప్పుకున్నారు.

ఖాళీ అయిన పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకడు నక్క రత్నాజీ. ఆయన మాట్లాడుతుంటే వినేవాళ్ళకు దాహం తీరినట్టే ఉండేది, ఇంటికి వెళ్ళాక మళ్ళీ వేసేది. రెండోవాడు అడవిపంది గుండప్ప. రోజూ పొద్దు పొడిచేసరికి మూతితో ఇసుక తోడి చెలమలు లోతు చేసేది అతనే. తవ్వినవాడు అందరి తర్వాతే తాగాలని తనకు తానే ఒక కట్టుబాటు పెట్టుకుని, అడుగున మిగిలిన బురదనీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు. ఉపన్యాసం ఇమ్మంటే మాత్రం నేల చూపులు చూసేవాడు.

ఆ ఏడే రెక్కలు గట్టిపడ్డ కాకిపిల్ల కాటుకకు రత్నాజీ మాటంటే ప్రాణం. పడుచు పిట్టలన్నిటినీ కూడగట్టి, కొమ్మకొమ్మకూ తిరిగి, గొంతు బొంగురుపోయేలా ప్రచారం చేసింది. "కొండవతల చెరువుంది. రత్నాజీ మామ గెలిస్తే దారి చూపిస్తాడు. వంతులుండవు, తగువులుండవు. బురదనీళ్ళు తాగే వాళ్ళను నమ్ముకుంటే మనకూ బురదే."

కాకుల సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. తిండి కనబడితే కాకి ఒంటరిగా ముట్టదు, నలుగురినీ పిలుస్తుంది. అయితే ఆ అడవి కాకులకు ఇంకో పట్టింపు కూడా ఉంది. కళ్ళతో చూడనిదే పిలవరు. ఏడు తరాలుగా అక్కడ కాకి పిలిచిన చోట తిండి లేకపోవడమనేది జరగలేదు. అందుకే కాకి పిలుపు వినబడితే కుందేళ్ళూ జింకలూ కూడా ఉన్న పని ఉన్నట్టే వదిలి పరిగెత్తుకొచ్చేవి. పైన కాకులు తింటుంటే కింద రాలేది వాళ్ళకు. సింహానికి గర్జన ఉందని గొప్పగా చెప్పుకుంటారు గానీ, గర్జన వింటే అందరూ పారిపోతారు. పిలిస్తే అందరూ వచ్చే గొంతు ఆ అడవి మొత్తానికి కాకిదొక్కటే.

కాటుక అవ్వ ఏకాక్షమ్మ ఒకరోజు మనవరాలిని నిలబెట్టి అడిగింది.

"ఆ చెరువు చూశావటే?"

"రత్నాజీ మామ చూశాడుగా."

"నేనడిగింది నిన్ను."

"అవ్వా, ప్రతిదీ ఎగిరి వెళ్ళి చూసుకుని రావడం మీ కాలం పద్ధతి. ఇప్పుడు నమ్మకం ముఖ్యం."

"అలాగా. మరి ఆ రెక్కలెందుకే, విసురుకోవడానికా?"

కాటుకకు కోపం వచ్చి ఆ పూట అవ్వ పక్కన వాలలేదు.

ఎన్నిక రేపనగా, కుందేలు దూదమ్మ నలుగురు పిల్లలను వెంటేసుకుని కాటుక కూర్చున్న చెట్టు కిందికి వచ్చింది.

"అమ్మాయ్, రేపు లెక్క అవగానే కొండ దాటేస్తున్నాను. చెలమ దగ్గర నా వంతు ముళ్ళపందికి ఇచ్చేశాను, ఇక దానితో పనేముంది? నాకొక్కటి చెప్పు. కొండ దిగాక చెరువు ఎంత దూరం? ఈ చిన్నది నడవలేదు, నోట కరుచుకుని వెళ్ళాలి."

కాటుక కొండవైపు చూసింది. ఇన్ని రోజులు ఇంతమందికి ఇన్ని మాటలు చెప్పింది గానీ, చెరువు ఎంత దూరమో తనకే తెలియదు.

"సాయంత్రం చెప్తాను పిన్నీ" అని అప్పటికప్పుడు కొండ మీదుగా ఎగిరింది.

కొండవతల ఒక పెద్ద గుంట ఉంది. గుంట నిండా పగిలిన ఒండ్రు, ఎండిన నత్తగుల్లలు. కాటుక ఇంకా ముందుకు వెళ్ళి చూసింది, పక్కలకు వెళ్ళి చూసింది. రెక్కలు లాగేదాకా తిరిగింది. ముంగిస మూతి తడిసేన్ని నీళ్ళు కూడా ఎక్కడా లేవు. చిన్నదాన్ని నోట కరుచుకుని మిగతా ముగ్గురినీ తోలుకుంటూ దూదమ్మ ఆ ఎండలో కొండ దిగడం దాని కళ్ళముందు కదిలింది.

పొద్దు వాలకముందే తిరిగొచ్చి రత్నాజీ ముందు వాలింది.

"మామా, చెరువు లేదు."

రత్నాజీ తడబడలేదు. మీసాలు దువ్వుకున్నాడు. "ఉండేది తల్లీ, మా తాత కాలంలో. రేపు వానలు పడితే మళ్ళీ ఉంటుంది. గెలిచాక ఎవరడుగుతారు?"

"దూదమ్మ అడుగుతుంది."

"కుందేలు అడిగితే నక్క జవాబు చెప్పాలా? అదలా ఉంచు. గుండప్ప వైపు తలలు ఎక్కువున్నాయని నాకు కబురొచ్చింది. ఇప్పుడు నీతోనే పని." గొంతు తగ్గించి దగ్గరికి జరిగాడు. "నేను తూర్పు గట్టు మీద నిలబడతాను, పంది పడమటి గట్టు మీద. ఎవరి గట్టు మీద ఎన్ని తలలుంటే వాళ్ళకన్ని. నా వెనకే నేరేడుచెట్టుంది. నేను తోక ఎత్తగానే నువ్వు ఆ చెట్టు మీద నుంచి పిలువు. పళ్ళు పండాయనుకుని అందరూ ఇటే పరిగెత్తుకొస్తారు. తాబేలు తలలు లెక్కపెడతాడు గానీ ఎందుకొచ్చారని అడగడు. గెలిచామా, పిట్టలన్నిటికీ నువ్వే పెద్ద."

"నేరేడు ఇంకా పచ్చికాయలే మామా."

"పిలుపుకు పండ్లెందుకమ్మా?"

కాటుక మారు మాట్లాడకుండా ఎగిరిపోయింది. ఎదురుచెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని రత్నాజీ చంకలు గుద్దుకున్నాడు.

కాటుక నేరుగా అవ్వ దగ్గరికి వచ్చింది. "చెరువు లేదు అవ్వా."

"తెలుసు."

"తెలిసి చెప్పలేదేం?"

"నేను చెప్తే నేను చూసింది అవుతుంది. నువ్వు చూడాలి."

"ఇప్పుడు మాట మారిస్తే నవ్వరా?"

"ఎందుకు నవ్వరు? నాలుగు రోజులు నవ్వుతారు. దూదమ్మ పిల్లలు దారిలో పడిపోతే నువ్వెన్ని రోజులు ఏడుస్తావో అది చెప్పు."

"ఇప్పుడే వెళ్ళి దూదమ్మ చెవిలో చెప్పేస్తాను."

"చెరువుందని చెవిలో చెప్పావటే? అందరి ముందూ అరిచావు. లేదని కూడా అక్కడే చెప్పు."

మర్నాడు బారెడు పొద్దెక్కేసరికి అడవంతా వాగులో చేరింది. తూర్పు గట్టు మీద రత్నాజీ, పడమటి గట్టు మీద ఒంటినిండా ఇసుకతో గుండప్ప. ముసలి తాబేలు నడుమ బండ మీదికి ఎక్కేసరికే సగం పొద్దు అయింది. రెండు గట్లనూ ఎగాదిగా చూసి, "లెక్క మొదలుపెట్టనా?" అన్నాడు.

రత్నాజీ తోక ఎత్తాడు.

నేరేడుకొమ్మ మీద కాటుక కదలలేదు.

రత్నాజీ మళ్ళీ ఎత్తాడు. ఈగలు తోలుకుంటున్నట్టు అటూ ఇటూ ఊపాడు. వెనక్కి తిరిగి కళ్ళతో సైగ చేశాడు. కాటుక ముక్కు బిగించుకుని ఎదురుగా ఉన్న కొండవైపు చూస్తోంది.

పడమటి గట్టు మీద జనం ఎక్కువ కనబడుతున్నారు. తాబేలు "ఒకటి" అన్నాడు. రత్నాజీకి కాళ్ళు నిలవలేదు. ఇప్పుడే వస్తానన్నట్టు నడుచుకుంటూ వెళ్ళి నేరేడుచెట్టు వెనక పొదలో దూరాడు. పొదలోంచి ఒక అరుపు వచ్చింది.

"కావ్... కా...వూ...వ్..."

మొదట్లో కాకి, చివర్లో నక్క. అడవిలో ఎవరూ అలాంటి అరుపు ఎప్పుడూ వినలేదు. అందరూ ఒక్కసారిగా చెట్టు మీదికి చూశారు. కాటుక ముక్కు మూసుకునే ఉంది. పొదలోంచి తోక మాత్రం ఎత్తినది ఎత్తినట్టే పైకి కనబడుతోంది.

నవ్వినవాళ్ళలో ముసలి ఏనుగు గొంతే పెద్దది. ఆయనకు చెవులు బాగానే వినబడతాయని అప్పుడు అందరికీ రూఢి అయింది.

నవ్వులు ఆగాక కాటుక కిందికి దిగి, తాబేలు పక్కన బండ మీద వాలింది.

"కొండవతల చెరువుందని మీ అందరికీ చెప్పింది నేనే. చూడకుండా చెప్పాను. నిన్న వెళ్ళి చూశాను. లేదు. దూదమ్మ పిన్నీ, కొండ దాటొద్దు. తప్పు నాది."

రత్నాజీ పొదలోంచి ఆకులు దులుపుకుంటూ బయటికొచ్చాడు. "విన్నారుగా? నిన్నటిదాకా నాకు జై కొట్టి ఇవాళ మాట మార్చింది. ఇలాంటి దాన్ని నమ్ముతారా?"

"మార్చాను మామా" అంది కాటుక. "చెరువు ఉండి ఉంటే మార్చేదాన్ని కాదు."

తూర్పు గట్టు మీది వాళ్ళు ఒక్కొక్కరే వాగు దాటారు. తాబేలు లెక్క ముగించేసరికి తూర్పున రత్నాజీ తల ఒక్కటే మిగిలింది. తాబేలు దాన్నీ లెక్కపెట్టాడు, న్యాయం న్యాయమే కదా.

దూదమ్మకు మాత్రం కోపం దిగలేదు. "నా వంతు పోయిందిగా అమ్మాయ్" అంది. కొత్త అధ్యక్షుడు గుండప్ప బుర్ర గోక్కుని, "వంతెందుకమ్మా పోవడం, ఇంకో చెలమ తవ్వుతాను" అని అక్కడే మొదలుపెట్టాడు. ఆయన చేసిన మొదటి ఉపన్యాసమూ, ఆఖరిదీ అదే.

పది రోజుల తర్వాత నేరేడు పండింది. కాటుక చెట్టంతా తిరిగి చూసింది. ఒక పండు కొరికి చూసింది. తర్వాత పైకొమ్మ మీద నిలబడి పిలిచింది.

ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచింది. ఏడు తరాల్లో కాకి పిలుపుకు బదులు రాకపోవడం అదే మొదటిసారి. ఎదుటి చెట్టు మీద ఏకాక్షమ్మ కూర్చుని ఉంది. ఆమె కదలలేదు, సాయానికి తానూ పిలవలేదు. కాటుక మూడోసారి పిలిచింది.

పొదలు కదిలాయి. దూదమ్మ తల బయట పెట్టింది.

"చూశావా?"

"చూశాను పిన్నీ. తిని చూశాను."

దూదమ్మ ఒక్క క్షణం దాని ముఖంలోకి చూసి, వెనక్కి తిరిగి పిల్లలను పిలిచింది. వాళ్ళ వెనక జింకలు, జింకల వెనక ఉడుతలు, అందరికంటే ఆఖర్న గుండప్ప. కాసేపట్లో చిన్న కుందేలు మూతి కాకి రంగుకు తిరిగింది.

ఏకాక్షమ్మ అప్పుడు వచ్చి మనవరాలి పక్కన వాలింది. "మన జాతిలో చూడని చెరువుకు నలుగురినీ పిలిచింది నువ్వొక్కదానివే" అంది. "పిలిచిన నోటితోనే అందరి ముందూ కాదని చెప్పిందీ నువ్వొక్కదానివే. నాకు గర్వంగా ఉందే."

కళ్ళారా చూడనిదానికి గొంతు ఇవ్వకూడదు. ఇచ్చామని తెలిస్తే, అందరి ముందూ వెనక్కి తీసుకున్నవాళ్ళే తల ఎత్తుకుని తిరగగలరు.