భూపతిగారి షికారు తుపాకి

ఒకానొక కొండసీమ రాజ్యం. దాని పేరు నల్లకోన. దాన్ని రణధీర భూపతి అనే రాజు ఏలేవాడు. పేరులో రణం ఉంది గాని, పాపం, ఆయన ఏనాడూ యుద్ధం మొహం చూసి ఎరగడు. ఆయనకున్న సరదా ఒక్కటే. పొద్దు వాలే వేళకి కోట వెనక అడవిలో అలా అలా తిరిగి రావడం.

తిరగడమంటే మీరూ నేనూ తిరిగినట్టు కాదు. ముందు దారి ఊడ్చేవాళ్లు, పక్కన గొడుగు పట్టేవాడు, ఆ వెనక తాంబూలం పళ్లెం, దాని వెనక మందుగుండు సంచి, అందరికీ చివర రాజుగారి తుపాకి మోసుకుంటూ ఇద్దరు బంట్లు. ఇంత బలగం కదిలితే నెమళ్ల సంగతి దేవుడెరుగు, ఒక ఉడతైనా కనపడేది కాదు. "మన అడవిలో జంతువులకి సిగ్గెక్కువ" అనేవాడు రాజు. వెనకున్నవాళ్లు అవునవునని తలలూపేవారు.

ఒకనాడు సిగ్గులేని అడవిపంది ఒకటి పొద తోసుకుని ఎదురొచ్చింది. "తుపాకీ!" అని కేకేశాడు రాజు. ఆ కేక గొడుగువాడు అందుకుని తాంబూలంవాడికి చెప్పాడు, తాంబూలంవాడు సంచివాడికి చెప్పాడు. తుపాకి ముందుకి వచ్చేసరికి పంది తన పని చూసుకుని వెళ్లిపోయింది. రాజుగారు పుట్టమీద ఉన్నారు, రాజుగారి తలపాగా పుట్టకింద ఉంది.

మర్నాడు కొలువులో భూపతి ఆజ్ఞ ఇచ్చాడు. "మాకొక తేలికపాటి తుపాకి కావాలి. చేతికి ఒదగాలి, భుజాన తగిలించుకుని మేమే పట్టుకుపోవాలి. వేటకి కాదు, ఊరికే షికారుకి."

ఆయుధశాల అధికారి దుగ్గిరాజు ముందుకొచ్చాడు. ఆ రాజ్యంలో తనకి తెలియని ఆయుధం పుట్టలేదని ఆయన నమ్మకం. అప్పుడప్పుడే రైఫిళ్లనే కొత్తరకం తుపాకులు దూరాన సముద్రపు రేవులో దిగుతున్నాయి. దుగ్గిరాజు వాటిలో అన్నిటికన్నా పెద్దది తెప్పించాడు. నిలబెడితే రాజుగారి చెవిదాకా వచ్చే గొట్టం, భుజానికి ఆనే మడమకి పోతపోసిన వెండి సింహం తల, నడుమంతా ఏనుగు దంతం తాపడం.

"ప్రభువులు చిన్న తుపాకి పట్టుకుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు మీసం సవరించుకుంటూ. "చూడ్డానికి ఘనంగా ఉంటుంది, పట్టుకుంటే పువ్వులా ఉంటుంది!"

నల్లకోనలో ఒక ఆచారం ఉంది. కొత్త ఆయుధం ఏదొచ్చినా మొదట చేతిపరీక్ష. రత్నకంబళి మీద రాజు నిలబడతాడు. ఇద్దరు సేవకులు ఆయుధాన్ని ఆయన చేతుల్లో పెడతారు. డోలు ఒక్క దెబ్బ మోగుతుంది, సభ జయజయ అంటుంది, ఆ రెండో జయ పూర్తికాకుండానే సేవకులు దాన్ని వెనక్కి తీసుకుంటారు. తాతల కాలంనుంచీ అక్కడి రాజులు ఆయుధాలు ఎంచుకున్నది ఇలాగే. పరీక్షలో నెగ్గిన ఆయుధానికి మూడోనాడు ప్రశస్తి. అంటే ఆస్థాన కవి దాని గొప్పతనాన్ని గానం చేస్తాడు. అది ముగిసేదాకా రాజు ఆయుధాన్ని చేతుల్లోనే ఉంచుకోవాలి, నేలకి ఆనించకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు.

చేతిపరీక్ష అయింది. "ఆహా, పువ్వే!" అన్నాడు భూపతి. సభంతా పువ్వే పువ్వే అంది.

అనని వాడు ఒక్కడే, ఆస్థాన కవి భావన్న. భావన్నకి ఒక జబ్బుంది. సందేహం పుట్టిందంటే నోట్లో నిలవదు. ఇంతలావు ఇనుమూ వెండీ పువ్వులా ఎలా ఉంటుందబ్బా అని ఆయనకి నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"ఎంతసేపటిదాకా, ప్రభూ?" అని అడిగాడు.

"ఏమిటోయ్ ఎంతసేపు?"

"పువ్వులా ఉందన్నారు కదా, ఎంతసేపు అలా ఉంటుందా అని."

రాజు మొహం కందగడ్డయింది. దుగ్గిరాజుకి కావలసింది దొరికింది. "ప్రభువుల భుజబలాన్నే శంకిస్తున్నాడండీ!" అని ఎగదోశాడు.

"సరే విను" అన్నాడు భూపతి. "ఎల్లుండి ప్రశస్తి చదివేది నువ్వే. ఈ తుపాకి బరువని నా నోటితో నేనంటే, షికారు తుపాకి ఏదో నువ్వే ఎంచు. అనకపోతే, ప్రశస్తి ముగిసిన వెంటనే నీ కుటుంబంతో సహా నా రాజ్యం దాటు."

రాజు తన నోటితో తనదే తప్పని ఎందుకంటాడు? భావన్న ఇంట్లో కూతురు కాన్పుకొచ్చి ఉంది, నెలలు నిండాయి. ఆ పిల్లని బండిలో వేసుకుని కొండదారిలో పోవడమంటే ప్రాణాలతో చెలగాటం. అడగకుండా ఉంటే పోయేది కదా అని దారి పొడుగునా తన నాలుకని తనే తిట్టుకున్నాడు.

సంగతి విని భార్య మాణిక్యమ్మ నెత్తి కొట్టుకుంది. "అందరూ పువ్వంటే మీరూ పువ్వని ఊరుకోవచ్చు కదండీ! తుపాకి బరువెంతైతే మనకేం? మోసేది ఆయనా, మీరా?"

"అదేనే నా సందేహం. ఆయన ఏనాడైనా మోశాడా అని."

"ఇంకా సందేహాలేనా!" అంటూ ఆవిడ వంటింట్లోకి పోయింది.

భయం ఒకపక్క, ఆ సందేహం ఒకపక్క. మర్నాడు పొద్దున్నే భావన్న ఆయుధశాలకి పోయాడు. దుగ్గిరాజు నవ్వుతూనే తలుపు తీయించాడు. "చూసుకోండి కవిగారూ, పోయేముందు సరదా తీర్చుకోండి. ఆ సింహాన్ని మాత్రం ముట్టుకోకండి" అన్నాడు.

భావన్న ఒక్కొక్క తుపాకీ తీసి చూశాడు. భుజానికి ఆన్చాడు, దించాడు, వంగాడు, లేచాడు. తలుపు సందులోంచి దూరి చూశాడు. కాపలావాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వారు. మూలన ఒక పొట్టి రైఫిలు కనిపించింది. నగిషీ లేదు, దంతం లేదు, ఉత్త టేకుకర్ర మడమ, తోలుపట్టీ. దుగ్గిరాజు దాన్ని లెక్కలోనే పెట్టలేదు. గుండు పెట్టకుండా దాన్ని అడిగి తీసుకున్నాడు భావన్న. సింహపు తుపాకి ఎంతుంటుందోయ్ అని కాపలావాణ్ని చెవిలో అడిగితే, "మా ఇంట్లో రోకలి దీని ముందు పసిపిల్లండి" అన్నాడు వాడు.

ఆ మధ్యాహ్నం భావన్న ఒక భుజాన పొట్టి రైఫిలు, ఇంకో భుజాన ఇంట్లో రోకలి పెట్టుకుని అడవిలో పడ్డాడు. కట్టెలకొచ్చినవాళ్లు చూసి, కవిగారికి దిగులుతో మతి చలించిందనుకున్నారు. ఆయనకి మాత్రం భలే కుతూహలంగా ఉంది. మొదట రోకలీ తేలిగ్గానే ఉంది. వాగు దాటేసరికి అది భుజాన్ని తొలచడం మొదలుపెట్టింది. తీగల్లో తట్టుకుంది, మలుపులో కొమ్మకి కొట్టుకుంది, మిట్ట ఎక్కేసరికి దాన్ని అక్కడే పారేసి పోదామనిపించింది. మరి రెండో భుజం మాట? పట్టీ మీద చెయ్యేసి చూసుకుంటే గాని పొట్టి రైఫిలు అక్కడున్నట్టు తెలియలేదు.

అప్పుడర్థమైంది భావన్నకి. బరువుని చెయ్యి చెప్పలేదు, కాలం చెప్పాలి. రాజుకి బంట్లున్నారు గనక ఆ కాలం ఆయన దగ్గరికి ఎప్పుడూ రానేలేదు. రేపు మాత్రం బంట్లు ముట్టుకోని వేళ ఒకటుంది. భావన్న మిట్టమీద కూర్చుని గట్టిగా నవ్వుకున్నాడు. రోకలి మళ్లీ ఎత్తుకుని ఇల్లు చేరాడు.

"దంచుకోవడానికి రోకలి లేదు, ఎక్కడికి పట్టుకుపోయారండీ దీన్ని?" అని మాణిక్యమ్మ కేకలేసింది.

"షికారుకి" అన్నాడాయన.

మూడోనాడు కొలువు కిటకిటలాడింది. రాజు రత్నకంబళి మీద నిలబడ్డాడు. సేవకులు సింహపు తుపాకిని ఆయన రెండు చేతుల్లో పెట్టి దూరం జరిగారు. భావన్న గొంతు సవరించుకున్నాడు.

"అవధారు ప్రభూ! ఈ ఆయుధపు దారువు ఏ అడవిలో పుట్టిందో ముందుగా విన్నవిస్తాను." అడవిని వర్ణించాడు. అందులో చెట్టుని, దాని కొమ్మల్ని, కొమ్మల మీది పక్షుల్ని వర్ణించాడు. సభ మెచ్చుకుంది. రాజూ చిరునవ్వు నవ్వాడు.

చెట్టు కొట్టినవాడి దగ్గరికి వచ్చేసరికి రాజు చిరునవ్వు కొంచెం బిగుసుకుంది. కొట్టినవాడి గొడ్డలి దగ్గరికి వచ్చేసరికి ఆయన కుడికాలి మీంచి ఎడమకాలి మీదికి మారాడు. భావన్న ఓరకంట చూస్తూనే ఉన్నాడు. గొంతులో పద్యం ఉంది గాని గుండెలో కూతురి మొహమే ఉంది. ఈయన పంతానికి పోయి చివరిదాకా నిలబడితే?

"ఇక ఇనుము" అన్నాడు భావన్న. "ఇనుము పుట్టిన కొండ. ఆ కొండకి తండ్రియైన పెద్దకొండ."

సింహం తల మెల్లగా కిందికి వంగుతోంది. రాజు దాన్ని పైకెత్తాడు. అది మళ్లీ వంగింది. నుదుటి చెమట ముక్కు మీదికి జారింది, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

"భావన్నా," అన్నాడు రాజు పళ్ల సందులోంచి, "ఇంకా చాలా ఉందా?"

"ఎంతో లేదు ప్రభూ. ఇనుము కాగానే దంతం. దంతమిచ్చిన ఏనుగు. ఆ ఏనుగు తల్లి. తరవాత వెండి."

"కొంచెం కుదించు."

భావన్న చేతులు జోడించాడు. "ఎంత మాట! బరువైన ఆయుధానికైతే ప్రభువుల శ్రమ చూసి కుదించమని పెద్దలు చెప్పారు. పువ్వులాంటి దానికి కుదిస్తే ప్రభువుల భుజబలాన్ని నేనే కించపరిచినట్టు. మొన్న ఒకసారి ఆ తప్పు చేసి శిక్ష తెచ్చుకున్నాను. ఇది బరువని తమరు సెలవిస్తే ఈ క్షణమే ఆపేస్తాను."

రాజు మోచేతులు వణికాయి. "అనకండి ప్రభూ! నిలవండి! పువ్వండీ అది, ఉత్త పువ్వు!" అని దుగ్గిరాజు దూరంనుంచి అరిచాడు.

"ఆ ఏనుగు తల్లి ఎలాంటిదంటే..." అని అందుకున్నాడు భావన్న.

"బరువు!" అని గావుకేక పెట్టాడు భూపతి. "బరువోయ్ బాబూ, బరువు! నా భుజాలు ఊడిపోతున్నాయి, ముందు నువ్వు నోరు మూయి!"

భావన్న టక్కున ఆపేశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజు గబగబా నడిచి తుపాకిని దుగ్గిరాజు చేతుల్లో పడేశాడు. భుజాలు నిమురుకుంటూ అడిగాడు, "ఎలా ఉందయ్యా?"

దుగ్గిరాజు మింగలేక కక్కలేక, "పు... పువ్వులా ఉంది ప్రభూ" అన్నాడు.

"అలాగా! అయితే భావన్నా, ఆ ఏనుగు తల్లి సంగతి దగ్గరనుంచి చదువు. తీరిగ్గా చదువు. దుగ్గిరాజు పట్టుకుంటాడు" అని రాజు సింహాసనమెక్కి కూర్చున్నాడు.

వెండి దగ్గరికి వచ్చేసరికి దుగ్గిరాజు మోకాళ్ల మీదికి వచ్చాడు. అది చూసి రాజుకి నవ్వు ఆగలేదు. ఆయన నవ్వితే సభ ఊరుకుంటుందా? డోలువాడు కూడా డోలు మీద పడి నవ్వాడు. "తాతల కాలంనుంచీ మాచేత ఎన్ని పువ్వులు పట్టించార్రా మీరంతా!" అంటూ భూపతి తన మెళ్లో హారం తీసి భావన్న మెళ్లో వేశాడు. అప్పటికప్పుడే పొట్టి రైఫిలు తెప్పించుకున్నాడు.

ఆ సాయంత్రం ఊడ్చేవాళ్లు లేరు, గొడుగు లేదు, తాంబూలం లేదు. రాజూ కవీ ఇద్దరే అడవిలోకి నడిచారు. కుందేళ్లు కనిపించాయి. వాగుపక్కన ఒక దుప్పి నీళ్లు తాగుతూ తలెత్తి చూసి మళ్లీ తాగింది. భూపతి నోరు తెరిచి అన్నీ చూశాడు. తన అడవిలో ఇన్ని ఉన్నాయని ఆయనకి అదే తెలియడం. వాగు దాటారు, మిట్ట ఎక్కారు, దిగారు. చీకటి పడేముందు పొదలో ఏదో గుర్రుమంది.

"భావన్నా!" రాజు గుసగుసగా అన్నాడు. "కొంప మునిగిందోయ్, మాటల్లో పడి తుపాకి ఎక్కడో మరిచిపోయాం!"

"ఎక్కడా మరవలేదు ప్రభూ," అన్నాడు భావన్న, "తమ భుజానే ఉంది."

రాజు భుజం తడుముకుని చూసుకున్నాడు. తరవాత ఆయన నవ్విన నవ్వుకి, పొదలో ఉన్నదేదో గాని, భయపడి పారిపోయింది.